పెరటి గదికి అద్దె

మా రైల్వే క్వార్టరు వెనక, పెరటి గోడకి ఆనుకుని ఒక గది ఉండేది. ఇటుక గోడలు, పెంకుల కప్పు, ఒక తలుపు, ఒక కిటికీ, ముందు ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత అరుగు. మా ఇంటి మెయిన్ బోర్డు నుంచి పెరటి మీదుగా లాగిన తీగకి ఒక బల్బు. నీళ్ళకి వెనక గల్లీలో కుళాయి. దాన్ని అందరూ ఔట్‌హౌస్ అనేవారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా లైన్లో ఉన్న ప్రతి క్వార్టరుకీ అలాంటి గది ఒకటి ఉండేది. ఇంగ్లీషు దొరల వంటవాళ్ళ కోసం కట్టారని చెప్పుకునేవారు. దొరలు పోయాక ఆ ఇళ్ళలోకి డ్రైవర్లు, గార్డులు, హెడ్ క్లర్కులు వచ్చారు. పద్ధతి మాత్రం గోడలతో పాటు ఉండిపోయింది.

పద్ధతి ఇది. ఆ గదిలో ఒక కుటుంబం ఉంటుంది. అద్దె కట్టనక్కర్లేదు. బదులుగా ఆ కుటుంబంలోని ఆడమనిషి క్వార్టరు వాళ్ళ పని చేస్తుంది. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, బొగ్గుల కుంపటి రాజెయ్యడం, బియ్యం ఏరడం, గోధుమలు మిల్లుకి మోసుకెళ్ళి పిండి పట్టించుకు రావడం, చుట్టాలొస్తే పై పని. జీతం లేదు. పని ఎక్కే వేళ ఉంది కానీ దిగే వేళ లేదు. వంటింటి కిటికీ ఊచల మీద గరిటెతో కొడితే చాలు, ఎక్కడున్నా రావాలి. ఆ చప్పుడు మా లైన్లో రోజంతా వినిపించేది. చిన్నప్పుడు దాన్ని రైలు కూతలాగే ఊళ్ళో సహజంగా ఉండే చప్పుడనుకునేవాణ్ణి.

మా ఔట్‌హౌస్‌లో ఉన్నావిడ శ్రీకాకుళం వైపు మనిషి, అమ్మ పుట్టింటికి దగ్గరి ఊరు. ఆమె భర్త పట్టాల గ్యాంగులో క్యాజువల్ కూలీ. లైను మీద క్యాంపులకి వెళ్ళి వారాల తరబడి ఇంటికొచ్చేవాడు కాదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. అమ్మ ఆమెని చెల్లీ అనేది. ఆమె అమ్మని అప్పా అనేది, అంటే మా వైపు మాటల్లో అక్క. నేను పిన్నీ అనేవాణ్ణి. ఈ పిలుపుల్లో నటన ఏమీ లేదు. అమ్మకి ఆమె మీద నిజంగా ఆపేక్ష ఉంది. పండక్కి చీర పెట్టేది, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చేది. కానీ మా ఇంట్లో పిన్నికి వేరే గ్లాసు ఉండేది. ఆమె ఎప్పుడూ గచ్చు మీదే కూర్చునేది. చెల్లి కనక జీతం అడగకూడదు, చెల్లి కాదు కనక కుర్చీలో కూర్చోకూడదు. రెండు లెక్కలూ ఆ ఒక్క మనిషి మీదే పడేవి.

ఊరవతల కోనిలో ఉన్న కాలేజీ దాకా సైకిల్ తొక్కి చదివిన ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తయి, అప్రెంటిస్ పిలుపు కోసం ఇంట్లో కూర్చున్న రోజులవి. ఎనభైల చివర. లోకో షెడ్డులో ఆవిరింజన్లు తగ్గిపోతూ, కరెంటు ఇంజన్లు పెరుగుతున్నాయి. ఉద్యోగం లేని కుర్రాడికి సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి మా లైన్లో వరండాల మీద పెద్దవాళ్ళ మాటలు చాలానే విన్నాను. వాళ్ళు దేశం గురించి మాట్లాడుకునేవారు, పేదరికం గురించి కూడా. వాళ్ళు చెప్పే కారణాలు నాకు వరసగా గుర్తున్నాయి. ఒకటి, తాగుడు. రెండు, బద్ధకం. మూడు, ఎక్కువమంది పిల్లలు. నాలుగు, చదువు లేకపోవడం. అయిదు, తలరాత. అయిదోది చెప్పాక సంభాషణ ముగిసేది. ఎవరో ఒకరు కిటికీ వైపు తిరిగి టీ తెమ్మనేవారు, ఔట్‌హౌస్ మనిషి టీ తెచ్చేది.

చలికాలంలో మావాళ్ళు చందాలేసుకుని లాల్‌ఖదాన్ వెళ్ళేవారు. అది ఊరి అంచున, పట్టాల పక్కనున్న బస్తీ. అక్కడ దుప్పట్లు పంచి, ఫొటో తీయించుకుని వచ్చేవారు. ఆ దుప్పట్ల మూటలు రిక్షాలోకి ఎక్కించేది, దించేది ఔట్‌హౌస్ ఆడవాళ్ళే. వాళ్ళకి మాత్రం దుప్పటి ఇచ్చేవారు కాదు. వాళ్ళకి గది ఉంది కదా అనేవారు.

నాకు నేర్పిన పద్ధతి వేరు. బల్బు వెలగకపోతే ముందు బల్బు చూస్తాం. అది బాగుంటే హోల్డరు, తర్వాత స్విచ్చి, తర్వాత తీగ. అలా సప్లై వచ్చే చోటు దాకా వెనక్కి పోతాం. ఎక్కడా ఊహించం, టెస్ట్ లాంపు పెట్టి చూస్తాం. వరండాల మీద విన్న ఆ అయిదు కారణాల్ని మా పెరటి గదికి ఒక్కొక్కటే పెట్టి చూశాను. పిన్ని భర్త పండక్కి కూడా తాగడు. బద్ధకం అన్న మాట పిన్ని దగ్గర అంటే నవ్వొస్తుంది. ఒక్కతే కూతురు. ఆ కూతురు బడికి వెళుతోంది. తలరాతని కొలిచే పరికరం నాకు దొరకలేదు. మిగిలింది ఇంతే. ఆమె పొద్దు పొడిచింది మొదలు పని చేస్తుంది, ఆ పనికి చేతికి ఏమీ రాదు. బయట పని చేసి సంపాదించుకుందామంటే సమయం లేదు. సమయం కావాలంటే గది వదలాలి. గది వదిలితే లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన గుడిసె వేసుకోవాలి. లోపం ఆ గదిలో లేదు. గదికి వచ్చే తీగలో ఉంది. ఆ తీగ మా ఇంట్లోంచే వస్తోంది.

ఇదంతా నేను మనసులో తేల్చుకుని ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆ వానాకాలం తర్వాత పిన్నికి ఒక పని దొరికింది. సర్కండా వైపు, రాజ్‌కిశోర్ నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయా పని. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా. నెల జీతం. ఆమె బతుకులో తన చేతికి నెల జీతం అన్న మాట అదే మొదటిసారి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మకి చెప్పింది. నేను పక్క గదిలో ఇస్త్రీ పెట్టె బాగుచేస్తూ ఉన్నాను.

"అప్పా, ఒక మాట. మజ్జానం కాడ్నించి సందేల దాకా పనున్నాదట. పొద్దుట మీ పనంతా సేసేసి ఎల్తాను."

"అచ్ఛా. మరి సాయంత్రం అంట్లు ఎవలు తోముతారే?"

"వచ్చినాక తోమేస్తాను."

"అందాకా గిన్నెలు ఎండబెట్టుకుని కూకుంటానేటి? మీ బావ డ్యూటీ దిగి ఏ వేళప్పుడు వస్తారో నీకు తెలీదేటి?" అమ్మ గొంతు కొంచెం తగ్గించింది. "నేను నిన్ను పనిమనిషిలాగ చూశానేటే? సొంత చెల్లిలాగ చూసుకున్నాను. చెల్లన్నది అప్పతోటి గంటలు లెక్క కడతాదా?"

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగానే అంది.

"సెల్లినే. గాని కుర్సీ మీద కూకున్న సెల్లిని కాదు కదప్పా."

"ఏటన్నావు?"

"ఏటీ లేదు. పొయ్యి మీద గంజి పెట్టొచ్చాను."

ఆమె వెళ్ళిపోయాక అమ్మ చాలాసేపు ఒకే గిన్నెని సర్దుతూ ఉండిపోయింది. నన్ను చూసి, "విన్నావా, ఎలగ మాట్లాడతందో," అంది. విన్నానన్నాను. మళ్ళీ ఇస్త్రీ పెట్టె మీదకి వంగాను.

ఆ వారంలోనే వెనక గల్లీలో కుళాయి దగ్గర ఆడవాళ్ళు కూడారు. భోజనాలయ్యాక, మా లైన్లో అందరూ కునుకు తీసే వేళ. పక్క క్వార్టరు ఔట్‌హౌస్‌లో చంటిపిల్లాడితో ఉన్న ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి వాళ్ళ అక్కని పిలిపించింది. ఆ అక్క లాల్‌ఖదాన్‌లో ఉంటుంది, మాల్‌గోదాంలో, అంటే గూడ్సు షెడ్డులో, రేజా. ఇక్కడ కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళని రేజా అంటారు. వ్యాగన్లలోంచి సిమెంటు బస్తాలు దించే పని. ఒకసారి కాంట్రాక్టరు మనిషి ఒకామెని గెంటేస్తే ఆ స్థానంలోకి ఎవర్నీ రానివ్వకుండా వ్యాగన్ల ముందు కూర్చుని గెలిచిన మనిషి ఆమె. అందరూ దీదీ అనేవారు.

పిన్ని నన్ను రమ్మంది. నేను వెళ్ళేసరికి ఎవరో నవ్వారు. "మగాడికి ఇక్కడేం పని?" అని హిందీలో ఒక గొంతు.

"ఈ గుంటడు నా సేతి అన్నం తిని పెరిగినోడే. కూకోనియ్యండి," అంది పిన్ని. తర్వాత అదే మాట తన హిందీలో చెప్పింది.

నేను ఊరికే వెళ్ళలేదు. రాత్రి ఆలోచించి డిమాండ్లు వరసగా మనసులో పెట్టుకుని వెళ్ళాను. జీతం. వారానికి ఒక సెలవు. జబ్బు చేస్తే సెలవు. గది ఖాళీ చెయ్యమనే ముందు నెల గడువు. కాన్పుకి సెలవు. పైకప్పు మరమ్మతు. ఇంకా రెండు. నిలబడి అన్నీ చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. దీదీ చివరిదాకా విని పక్కనున్న వాళ్ళ వైపు తిరిగింది.

"బాబు మంచి రైలు పెట్టెలే తెచ్చాడు. కానీ ఇన్ని తగిలిస్తే ఇంజను కదలదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తర్వాత దీదీ వాళ్ళనే అడిగింది. "ఈ క్వార్టర్ల వాళ్ళకి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"ఉద్యోగం ఉంది," అన్నారెవరో. "కరెంటు వాళ్ళ చేతిలో ఉంది," అంది ఇంకొకామె.

"అది కాదు. మీరు గది ఖాళీ చేస్తే తెల్లారేసరికి ఇంకొకత్తి మూట పట్టుకుని వస్తుందని ధైర్యం. ఆ వచ్చేది మా బస్తీ నుంచే. ఆ ఒక్కటీ ఆగితే మిగతా ధైర్యమంతా గాలి."

అక్కడ తీర్మానించుకున్నవి రెండే. మొదటిది, మధ్యాహ్నం షెడ్డు సైరన్ మోగేదాకా గదికి బదులు పని. సైరన్ తర్వాత ఎవరి రోజు వాళ్ళది. బయట పనికి వెళ్ళినా, పడుకున్నా, అడిగే హక్కు ఎవరికీ లేదు. రెండోది, ఎవర్ని ఖాళీ చేయించినా ఆ గదిలోకి ఇంకెవరూ వెళ్ళరు. రెండోదానికి లాల్‌ఖదాన్ ఒప్పుకోవాలి. దాని కోసం దీదీతో పాటు పిన్నీ, ఇంకో నలుగురూ ఆదివారం బస్తీకి నడిచి వెళ్ళారు. నేను సైకిల్ నడిపించుకుంటూ వెంట వెళ్ళాను. గుడిసె గుడిసెకీ వెళ్ళి చెప్పారు. ఒక ముసలామె మాత్రం, "పెంకుల గది వదులుకోమంటున్నారు, మీకు పెంకుల గది ఉంది కనక చెప్తున్నారు," అంది.  పిన్ని ఆమె పక్కన కూర్చుని, తన రోజు ఎలా గడుస్తుందో మొదలునుంచి చెప్పింది. ముసలామె ఒప్పుకుందో లేదో తెలీదు కానీ మాకు నీళ్ళిచ్చింది.

సోమవారం సైరన్ మోగింది. పిన్ని మా వంటింట్లో చేతిలో ఉన్న గిన్నె కడగడం పూర్తి చేసి, బోర్లించి, చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అమ్మ కిటికీ ఊచల మీద గరిటెతో కొట్టింది. మళ్ళీ కొట్టింది. పక్కింట్లోంచి కూడా చప్పుడు మొదలైంది, ఆ పక్కింట్లోంచి కూడా. మా లైన్ పొడుగునా గరిటెల మోత. వెనక గల్లీలో అరుగుల మీద ఆడవాళ్ళు ఒకరి జడ ఒకరు దువ్వుకుంటూ కూర్చున్నారు. ఎవరూ తల తిప్పలేదు. నేను మిద్దె మెట్ల మీద నిలబడి రెండు వైపులా చూశాను. ఇప్పటికీ అంత బాగున్న మధ్యాహ్నం నాకింకొకటి గుర్తు లేదు.

పిన్ని కొప్పు ముడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని, రాజ్‌కిశోర్ నగర్ బయల్దేరింది.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి గదిలో దీపం లేదు. మా మెయిన్ బోర్డులో ఔట్‌హౌస్ ఫ్యూజు అమ్మ పీకేసింది. పింగాణీ ముక్క ఎక్కడ దాచిందో వెతికాను. తర్వాత తెలిసింది, చింతపండు జాడీలో. అప్పుడు నేను చేసింది చిన్న పని. నా గది ఫ్యూజు తీసి పెరటి గదికి పెట్టాను. అక్కడ వెలిగింది.

అమ్మ వచ్చి నా గుమ్మంలో నిలబడింది. "చీకట్లో కూర్చున్నావేటిరా?"

"ఫ్యూజు లేదు."

"ఏమైంది?"

"పెరట్లో ఉంది."

అమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మర్నాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆ ఫ్యూజు కూడా లేదు. నేను హాలుది తీశాను. మూడోరోజుకి మా ఇంట్లో వంటింట్లో తప్ప ఎక్కడా దీపం లేదు, పెరటి గదిలో ఉంది. పిన్ని ఇదంతా చూసి, "అయ్యో అప్పా, మా గుడ్డి బల్బు కోసం మీ ఇంటిల్లపాదీ సీకట్లో కూకోడమేటి," అంది. వెటకారమో కాదో ఆమె ముఖంలో తెలీలేదు. అమ్మకి మాత్రం తెలిసినట్టుంది. చింతపండు జాడీ తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ మర్నాడు పొద్దున్న నాన్న లైను దిగి వచ్చారు. ఆయన గూడ్సు డ్రైవరు. డ్యూటీ గంటల కోసం జరిగిన సమ్మెలో కొంతకాలం ఉద్యోగం పోగొట్టుకుని తిరిగి ఎక్కిన మనిషి. నా చిన్నప్పుడు మా వరండాలో జరిగే యూనియన్ మీటింగుల్లో ఆయన ప్రతిసారీ ఒక మాట అనేవారు, ఎక్కే టైము రాసి దిగే టైము రాయని డ్యూటీ డ్యూటీ కాదని. ఆ మాటకి చప్పట్లు కొట్టేవాళ్ళకి టీ అందించింది ఏ ఔట్‌హౌస్ మనిషో నాకు గుర్తు లేదు. పిన్ని రాకముందు ఉన్నావిడై ఉంటుంది.

స్నానం చేసి భోజనానికి కూర్చున్నాక అమ్మ జరిగిందంతా చెప్పింది. నాన్న తింటూ విన్నారు.

"గది రైల్వేది. ఎవర్ని ఉంచాలన్నది మన ఇష్టం," అన్నారు చివరికి. "వేరేవాళ్ళని చూసుకుందాం."

"పిన్ని డ్యూటీకి దిగే టైము ఏది నాన్నా?" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

"అది వేరు, ఇది వేరురా. అది రైల్వే పని."

"ఇది ఎవరి పని?"

నాన్న జవాబు చెప్పకముందే అమ్మ గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం ఏమీ లేదు.

"అయ్యాకొడుకులు ఇద్దరూ బాగా చెప్తారు. మరి నా డ్యూటీ ఎక్కేది ఎప్పుడు, దిగేది ఎప్పుడు? మీరు సమ్మెలో ఇంట్లో కూర్చున్నప్పుడు కుంపటి నేను మానేశానేటి? అది మజ్జానం ఎల్లిపోతాది. బాగుంది. సాయంత్రం అంట్లు మీ యూనియన్ వచ్చి తోముతాదా, వీడి డిప్లొమా తోముతాదా?"

 నేను వేసిన లెక్కలో ఈ మనిషి లేదు. తీగ మా ఇంట్లోంచి వస్తోందని కనిపెట్టిన నేను, మా ఇంట్లో అది ఎవరి మీదుగా వస్తోందో చూడలేదు.

"నేను తోముతాను," అన్నారు నాన్న.

"మీరు లైను మీదున్న రోజు?"

నాన్న నా వైపు చూశారు. నేను తలూపాను. అమ్మకి నమ్మకం కలగలేదు కానీ ఆ సాయంత్రం గిన్నెల బుట్ట నిజంగానే తెచ్చి నా ముందు పెట్టింది. పెరట్లో బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చున్నాను. గోడ మీదుగా పక్కింటి పిల్లలు చూసి హిందీలో నవ్వారు, డిప్లొమా బాబు గిన్నెలు తోముతున్నాడని. నాన్న బనీనుతో వచ్చి నా ఎదురుగా కూర్చుని కుక్కరు అందుకున్నారు. లైనంతా చూడాలనే ఆయన దీపం వేసి మరీ కూర్చున్నారని నా అనుమానం. ఆ వారమంతా మా లైన్లో మగవాళ్ళు నాన్నని చూసి దగ్గేవారు. నాన్న కూడా తిరిగి దగ్గేవారు.

అలా మా ఇంట్లో తేలింది. పొద్దున్న పని గదికి బదులు, సైరన్ తర్వాత పిన్ని రోజు పిన్నిది. కొన్ని ఇళ్ళు ఇలాగే ఒప్పుకున్నాయి. కొన్ని ఒప్పుకున్నట్టు ఉండి మధ్యాహ్నం మళ్ళీ గరిటె తీశాయి. ఒకామె భర్త తిట్టాడని పాత పద్ధతికే వెళ్ళిపోయింది. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు.

పక్క క్వార్టరు అత్తయ్య మాత్రం ఖాళీ చేయించింది. ఆమె భర్త ఆఫీసులో హెడ్ క్లర్కు. వాళ్ళూ తెలుగువాళ్ళే, విజయనగరం వైపు; అమ్మా ఆమే వదినా అంటే వదినా అనుకునేవారు. చంటిపిల్లాడితో ఉన్న ఆ ఛత్తీస్‌గఢీ అమ్మాయి సామాను గల్లీలో పెట్టించి గదికి తాళం వేసింది. "తాళం రెండ్రోజులు కూడా ఉండదు చూడు," అంది అమ్మతో, గోడ మీదుగా.

మూడోనాడు లాల్‌ఖదాన్ నుంచి ఒక జంట వచ్చింది. ఎవరో పంపించారట. అత్తయ్య తాళం తీసి గది చూపించింది. నేను మా గోడ ఇవతల సైకిల్‌కి పంపు పెట్టి గాలి కొడుతున్నాను. ఆ ఆడమనిషి గది లోపలికి వెళ్ళి, గోడలు చేత్తో తడిమి, కప్పు వైపు చూసింది. భర్త ముఖంలో ఆశ కనిపించింది. వాన కారని కప్పు అది. బయటికొచ్చాక ఆమె అడిగింది, "ఇక్కడున్నావిడ ఎక్కడికెళ్ళింది?"

"ఊరెళ్ళింది," అంది అత్తయ్య హిందీలో.

ఆమె గల్లీ చివర కుళాయి వైపు చూసింది. ఆ అమ్మాయి అక్కడే బిందె పట్టుకుని నిలబడి ఉంది, పిల్లాణ్ణి చంకనేసుకుని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. 

"నహీ బాయీ," అందామె అత్తయ్యతో. "గది బాగుంది. మాకొద్దు."

భర్త ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన లోపలికి కూడా వెళ్ళలేదు. పెంకుల గదిని వద్దనుకుని పట్టాల పక్క గుడిసెకి తిరిగి వెళ్ళడం ఎంత పనో, జీతం వచ్చే ఇంట్లో కూర్చున్న నాకు పూర్తిగా తెలుసని చెప్పను. వరండాల మీద ఎవరూ ఇలాంటి దాన్ని పేదరికానికి కారణాల వరసలో కానీ, దానికి మందుల వరసలో కానీ చెప్పగా నేను వినలేదు. ఆ గదికి తాళం అలాగే ఉంది.

సామాను గల్లీలో పడ్డ రోజే ఆ అమ్మాయి బస్తీకి వస్తానంటే దీదీ రానివ్వలేదు. "నువ్వు నా దగ్గరికొస్తే వాళ్ళు గెలిచినట్టే. ఈ లైన్లోనే ఉండు," అంది. లైన్లోనే అంటే ఎక్కడ? పిన్ని తన గదిలోకి తీసుకుంది. ఒక గది, రెండు కుటుంబాలు. మధ్యలో పాత చీర కట్టారు.

ఈ సంగతి అత్తయ్యకి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఆదివారం పొద్దున్న మా పెరటి గోడ దగ్గరికొచ్చి అమ్మని పిలిచింది.

"వదినా, మా దాన్ని మీ పెరట్లో పెట్టుకున్నారేటి? నేను గెంటేసిందాన్ని మీరు పెట్టుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నేను పెట్టుకోలేదు వదినా. ఉండండి," అంది అమ్మ. నేను బట్టలు ఆరేస్తూ అన్నీ చూస్తున్నాను. అమ్మ ఔట్‌హౌస్ దగ్గరికి వెళ్ళింది. పిన్ని అరుగు మీద కూర్చుని మా గిన్నెలే తోముతోంది, పొద్దుటి పని.

"ఏటే ఇది? నాతోటి ఒక మాట అనకుండా ఇంకొకర్ని తెచ్చి పెట్టుకుంటావేటి?"

పిన్ని లేవలేదు. చెయ్యి ఆపలేదు.

"అప్పా, పొద్దుట పని ఈ గదికి బదులని మీరే ఒప్పుకున్నారు. అంటే ఇది అద్దె. రోజూ ఇస్తన్నాను, ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. అద్దె ఇచ్చీసినాక, నా ఇంటికి ఎవలొస్తే మీకేటి?"

"నా పెరట్లో, నన్ను అడగక్కర్లేదా?"

"సెల్లినైతే అడుగుదును. అద్దెకున్నదాన్ని." అని తోమిన పళ్ళెం ఎండలో బోర్లించింది. "అద్దె సాలకపోతే సెప్పండి, ఎల్లిపోతాం. సాలితే ఈ పిల్ల ఉంటాది."

ఆ అమ్మాయి తలుపు వెనక నిలబడి ఉంది. తెలుగు రాదు కానీ తన గురించే అని తెలుసు. పిల్లాణ్ణి ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకుంది.

అమ్మ అలాగే నిలబడిపోయింది. ఏమంటుందో నాకు తెలీదు. అమ్మ కోపం నాకు తెలుసు, ఆ నిమిషంలో అది ఎటు తిరుగుతుందో తెలీదు. ఒక్క మాట, వెళ్ళిపోండని, అంటే చాలు. రెండు కుటుంబాలూ గల్లీలో ఉంటాయి, మా లైన్లో సైరన్ మాట ఎవరూ మళ్ళీ ఎత్తరు. అమ్మ పిన్ని చేతుల వైపు చూసింది. బోర్లించిన పళ్ళేలు చూసింది. తర్వాత నా వైపు ఒకసారి, తడి బట్టలు పట్టుకున్న నా చేతుల వైపు.

గోడ దగ్గరికి తిరిగొచ్చింది.

"ఏటంది?" అంది అత్తయ్య.

"అద్దెకిచ్చీసిన గది వదినా. నా చేతిలో లేదు."

"అద్దేటి? మీరు అద్దె తీసుకుంటున్నారా?"

"రోజూ పొద్దున్న తీసుకుంటున్నాను," అంది అమ్మ. "ఇంకా అడిగితే ఎక్కువ అడిగినట్టవుతాది."

అత్తయ్య వెనక్కి తిరిగింది. అమ్మ గోడ మీద చేతులు ఆనించి, ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకునేదాకా అక్కడే నిలబడింది.